అమ్మ ఆదివారం

అమ్మ చూపుడువేలు బంతి బూటు లోపలికి వెళ్లి, అడుగునుంచి బయటికొచ్చింది.

"ఇదేంటిది?" అంది అమ్మ.

కన్నంలోంచి తొంగిచూస్తున్న వేలిని చూసి బంతికి నవ్వాగలేదు. అమ్మ మాత్రం నవ్వలేదు. ఒక చేతిలో దువ్వెన, ఇంకో చేతిలో బూటు పట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. స్కూలుకు టైమవుతోంది. పొయ్యిమీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి.

"మొన్న స్కూళ్లు తెరిచినప్పుడు కొన్న బూట్లు! అప్పుడే అరిగిపోయాయా? నీ కాళ్లకేమైనా రంపాలున్నాయేంట్రా?"

బంతి అక్కవైపు చూశాడు. అక్క కళ్లు పెద్దవి చేసింది. బంతి చటుక్కున నోరు మూసుకున్నాడు.

వాడికి ఆరేళ్లు. గుండ్రంగా ఉంటాడు, ఒకచోట నిలవడు, అందుకే బంతి. అక్కకు పదేళ్లు. ఆమెను ఇంట్లో అందరూ చీమ అంటారు. పాకే వయసునుంచీ నేలమీద ఏది కనబడినా ఏరుకుని ఏదో ఒక మూల దాచేది. బొత్తాలు, సీసా మూతలు, ఎండిన బఠాణీలు. మంచం జరిపితే చాలు, చీమగారి గోడౌన్ బయటపడేది.

అమ్మ సబ్బుల అట్టపెట్టె ఒకటి తెచ్చింది. బంతి పాదం కొలతకు అట్ట కత్తిరించి బూటులో పెట్టింది.

"ఈ వారం దీంతో సర్దుకో నాన్నా. లాండ్రీలో ఆదివారం డ్యూటీకి మనుషులు కావాలంటున్నారు. ఇవాళ నా పేరిచ్చేస్తా. ఆ డబ్బులతో కొత్తవి కొందాం."

"ఆదివారమా?" అంది చీమ. "ఆదివారం నువ్వు పడుకుంటావుగా అమ్మా?"

"ఈ ఆదివారం పడుకోను," అంది అమ్మ, పాలు దించడానికి పరిగెత్తుతూ.

చీమ తేలు కుట్టిన దొంగలా చూపు తిప్పుకుంది. బ్యాగు తగిలించుకుంది.

అమ్మ పనిచేసేది ఆసుపత్రి లాండ్రీలో. ఉతికిన దుప్పట్లు కుప్పలుగా వస్తాయి. వేడి రోలర్‌కు అటొకరు ఇటొకరు నిలబడి ఒక్కో దుప్పటినీ దానికి అందించాలి. బయటికి రాగానే మడతపెట్టాలి. ఈలోగా ఇంకోటి వచ్చేస్తుంది. కూర్చుంటే రోలర్ ఆగదు కదా, అందుకని అక్కడెవరూ కూర్చోరు. వారంలో ఆదివారం ఒక్కటే అమ్మది. ఆ రోజు మధ్యాహ్నందాకా గోడకు కాళ్లు ఆనించి పడుకుంటుంది. నాన్న టీ పెడతాడు. పిల్లలు గుసగుసలాడుకుంటారు. ఆ గుసగుసలు అరుపులకంటే గట్టిగా ఉంటాయని అమ్మ అంటుంది గానీ, లేవదు.

అలాంటి ఆదివారం ఇప్పుడు బూటు కన్నంలోంచి జారిపోయింది. ఆ కన్నం ఎలా పడిందో చీమకు బాగా తెలుసు.

స్కూళ్లు తెరిచిన కొత్తలో నాన్న ఆమెను పిలిచి ఒక పాలపొడి డబ్బా ఇచ్చాడు. మూతకు సన్నగా గాటు పెట్టాడు.

"ఇకనుంచి ప్రతి శనివారం నీకు పాకెట్ మనీ ఇస్తానమ్మలూ. అది నీదే. ఏం కొనుక్కుంటావో నీ ఇష్టం. కానీ కొంచెం ఇందులో వెయ్యి. నెలాఖరుకు ఎంత దాస్తావో, దానికి సగం నేను కలుపుతా."

"నాకో?" అన్నాడు బంతి.

"నీకు ముందు నాణెం నోట్లో పెట్టుకోకుండా ఉండటం రావాలి," అన్నాడు నాన్న.

బస్‌స్టాప్ పక్కన ఆటసామాన్ల షాపు ఉంది. దాని అద్దంలో నీలం రంగు స్కేట్స్ వేలాడుతుంటాయి. చీమ మనసు ఎప్పటినుంచో వాటిమీదే ఉంది. కానీ శనివారం ఇచ్చే డబ్బు శనివారమే కరిగిపోయేది. స్కూలు పక్క షాపులో చాక్లెట్లు, మెరిసే స్టిక్కర్లు, వాసనొచ్చే రబ్బర్లు... డబ్బాలో వేయడానికి ఒకటో రెండో నాణేలు మిగిలేవి.

ఒకరోజు బస్సు రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. ఇద్దరూ నడిచి ఇంటికొచ్చేశారు. అప్పుడు చూసుకుంది చీమ, బస్సు కోసం అమ్మ ఇచ్చిన చిల్లర అరచేతిలోనే ఉండిపోయింది. దాన్ని డబ్బాలో వేసింది. ఎంత మంచి చప్పుడో!

ఆ శనివారం నాన్న డబ్బా ఎత్తి చూశాడు. "అబ్బో! బరువెక్కిందే! ఊరికే అన్నామా నిన్ను చీమ అని!" అని వీపు తట్టాడు.

ఆ తట్టు చీమకు స్కేట్స్‌కంటే తియ్యగా అనిపించింది.

తర్వాత బస్సు వచ్చినా వాళ్లు ఎక్కలేదు.

"అక్కా, అదిగో బస్సు," అనేవాడు బంతి.

"నడుద్దాంరా. మొదటిసారి స్కేట్స్ నీకే ఇస్తా. ఇంట్లో చెప్పావో, అస్సలు ముట్టుకోనివ్వను."

బంతి తలూపేవాడు. మొదట్లో గెంతుతూ నడిచేవాడు. తర్వాత మామూలుగా నడిచాడు. ఈమధ్య కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నాడు. ఇల్లు చేరగానే గచ్చుమీదే నిద్రపోతాడు. "వీడేంటి, ఆటకు కూడా పోవట్లేదు?" అని అమ్మ రెండుసార్లు నుదురు తాకి చూసింది. జ్వరం లేదు.

ఆ మధ్యాహ్నం స్కూలు వదిలాక చీమ స్టాప్ దగ్గర నిలబడింది. గుప్పిట్లో చిల్లర ఉంది. పక్కన అట్ట పెట్టిన బూటుతో తమ్ముడున్నాడు.

'ఎక్కేద్దామా?' అనుకుంది. మళ్లీ అనుకుంది, 'బూట్లు ఎలాగూ పోయాయిగా. ఇప్పుడు ఎక్కితే బాగవుతాయా? నెలాఖరు వచ్చేసింది. ఈ వారమొక్కటీ నడిస్తే చాలు.'

తప్పు చేసేటప్పుడు మన మనసే మనకు పెద్ద లాయరు.

"పద," అంది.

సగం దూరం వెళ్లారో లేదో తుంపర మొదలైంది. ముందు సన్నగా, తర్వాత బాగానే పడింది. బంతి బూటులోని అట్ట నానిపోయింది. అడుగు వేసినప్పుడల్లా పిచిక్, పిచిక్ మంటోంది. పెట్రోలు బంకు దాటాక వాడు ఫుట్‌పాత్ అంచున కూర్చుండిపోయాడు.

"నేను రాను."

"లే బంతీ, కొంచెమేరా."

"నువ్వు రోజూ కొంచెమే అంటావు. నా కాలు మండుతోంది. నాకు స్కేట్సొద్దు, ఏమొద్దు."

చీమ వాడి చెయ్యి పట్టి లాగింది. వాడు లేవలేదు. బరువంతా నేలకు వదిలేశాడు. చీమకు ఏడుపొచ్చేలా ఉంది. సరిగ్గా అప్పుడు ఎదురుగా ఒక బస్సు వచ్చింది. ముందు అద్దం మీద వైపర్ అటూ ఇటూ ఊగుతోంది. వైపర్ తుడిచిన చోట ఒక ముఖం కనబడింది.

నాన్న!

నాన్న సిటీ బస్సు డ్రైవరు. కానీ ఈ రోడ్డు ఆయన రూటు కాదు. ఇక్కడి డ్రైవరు సెలవు పెడితే డిపోవాళ్లు ఆయనకే అదనపు ట్రిప్పు అంటగట్టారు. ఆ సంగతి చీమకు అప్పుడు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా నాన్న తమను చూశాడన్నదే. వానలో నేలమీద కూర్చున్న కొడుకును చూశాడు, వాడి చెయ్యి పట్టి లాగుతున్న కూతుర్ని చూశాడు.

బస్సు నిండా జనం. వెనక వాహనాలు హారన్లు కొడుతున్నాయి. అక్కడ స్టాపు లేదు. నాన్న బస్సు ఆపలేడు. ముఖం మాత్రం వాళ్లవైపే తిప్పి ఒక్క క్షణం చూశాడు. తర్వాత రోడ్డువైపు తిరిగాడు. బస్సు వెళ్లిపోయింది.

"నాన్నా! నాన్నా!" అని బంతి లేచి నిలబడి మరీ చేతులూపాడు. వాడికి కాలి మంట కూడా గుర్తులేదు.

చీమ చెయ్యి ఎత్తలేదు.

మిగతా దారంతా తమ్ముణ్ణి వీపున మోసింది. నాలుగు అడుగులకోసారి ఆగింది. వాడు నిజంగానే బరువు.

సాయంత్రం అమ్మ వచ్చింది. చెప్పులు విప్పి, బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసుకుని పాదాలు ముంచి కూర్చుంది. గోడ పక్కన ఆరబెట్టిన బూటు వైపు చూసింది. లోపలి అట్ట గంజి ముద్దలా అయింది.

"బస్సు దిగాక తడిశారా?"

"ఊ," అంది చీమ.

"పేరిచ్చేశా ఆదివారానికి. ఇంకెవరూ రామన్నారట, మా లాండ్రీ మేస్త్రీ సంబరపడిపోయాడు." అమ్మ కళ్లు మూసుకుంది. ఆమె సంబరపడలేదు.

కాసేపటికి నాన్న వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోంచే "బంతీ, క్యాచ్!" అని టోపీ విసిరేవాడు. ఇవాళ టోపీని మేకుకు తగిలించాడు. కుర్చీలో కూర్చుని నడుం వెనక్కి విరుచుకున్నాడు. బస్సు కిటికీవైపు ఉండే చెయ్యి ఎండకు మాడి నల్లగా ఉంటుంది. ఆ చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

ఇంట్లో చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. కానీ చీమ చిటుక్కుమనలేదు.

"పిల్లలకు ఇవాళ బస్సు దొరకలేదా?" అన్నాడు నాన్న చివరికి. గొంతులో కోపం లేదు. అలసట ఉంది, అంతే.

'దొరకలేదు' అంటే సరిపోతుంది. బస్సులు రాకపోవడం మామూలే. నాన్న నమ్ముతాడు కూడా. చీమ నోరు తెరిచింది. ఎదురుగా బకెట్లో అమ్మ పాదాలు కనబడ్డాయి. మడమల దగ్గర పగిలి, వేళ్ల దగ్గర వాచి ఉన్నాయి.

"దొరికింది నాన్నా," అంది. "ఎక్కలేదు."

అమ్మ కళ్లు తెరిచింది.

"ఇవాళొక్క రోజేనా?" అన్నాడు నాన్న.

"కాదు. చాలా రోజులనుంచి."

ఒక్కసారి మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. బస్సు రాని రోజు, అరచేతిలో మిగిలిన చిల్లర, స్కేట్స్, బంతిని బెదిరించడం, అన్నీ చెప్పేసింది. బంతి మధ్యలో "నేను ఎవరికీ చెప్పలేదు అక్కా, చూశావా?" అన్నాడు గర్వంగా.

అమ్మ చీమవైపు తిరిగింది. నెమ్మదిగా అంది. "అంటే ఆదివారం నేను నిలబడేది నీ చక్రాల బూట్ల కోసమా?"

అరిచి ఉంటే బాగుండేది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. చీమకు కన్నీళ్లు బొటబొటా రాలాయి.

"నేను దాచాననుకున్నానమ్మా..."

"దాచావు. కాదనట్లేదు," అన్నాడు నాన్న. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అయింది, అంతే. బస్సు డబ్బులు నీవి కావమ్మలూ. అవి మీ ఇద్దరి కాళ్లకోసం ఇచ్చినవి. నీ చాక్లెట్లో, నీ స్టిక్కర్లో మానుకుని దాస్తే అది నీ పొదుపు. తమ్ముడి కాళ్లనుంచి తీసి దాస్తే?"

చీమ తల వంచుకుంది. జవాబు ఆమెకు తెలుసు.

నాన్న నిట్టూర్చాడు. "తప్పు నాదీ ఉంది. ప్రతి శనివారం డబ్బా ఎత్తి ఎంత బరువుందో చూశాను. ఎలా బరువెక్కిందని ఒక్కసారీ అడగలేదు."

"ఆదివారం వెళ్లకమ్మా," అంది చీమ. "డబ్బాలో డబ్బుతో బూట్లు కొందాం. నువ్వు పడుకో."

"మాటిచ్చానే. నామీద భరోసాతో ఇంకొకామెకు సెలవిచ్చేశారు. ఇప్పుడు రానంటే ఆమె సెలవు పోతుంది." అమ్మ బకెట్లోంచి కాళ్లు తీసి తుడుచుకుంది. "పద, వంట చూద్దాం. ఆకలేస్తోంది అందరికీ."

ఆదివారం తెల్లారకముందే అమ్మ వెళ్లిపోయింది. ఆమె దిండు గోడపక్కన చల్లగా ఉంది.

చీమ డబ్బాను నేలమీద బోర్లించింది. నాణేలు గలగలా పరుచుకున్నాయి. ఇందులో తన పాకెట్ మనీ ఏది, బస్సు డబ్బు ఏది? అన్నీ ఒకేలా ఉన్నాయి. నాణెం మీద ఎవరి పేరూ రాసి ఉండదు.

నాన్న పక్కన కూర్చున్నాడు కానీ వేలు పెట్టలేదు. "నీకే తెలుసు," అన్నాడు.

చీమ ఆలోచించింది. రెండు కుప్పలు చేసింది. ఒక కుప్ప పెద్దది, ఇంకోటి చిన్నది. చిన్న కుప్పలోంచి మరికొన్ని తీసి పెద్దదానిలో కలిపింది. మళ్లీ చూసుకుని, ఇంకో నాణెం కూడా జరిపింది. పెద్ద కుప్పను నాన్నవైపు తోసింది.

"ఇది బంతిది."

చిన్న కుప్ప మళ్లీ డబ్బాలోకి వెళ్లింది. ఈసారి చప్పుడు పెద్దగా రాలేదు.

బూట్ల షాపులో ఆ చిల్లరంతా చూసి షాపాయన ముఖం చిట్లించాడు. "పొద్దున్నే బోణీ బేరం, దీన్నెవరు లెక్కపెడతారమ్మా?" అన్నాడు. అంటూనే లెక్కపెట్టాడు. కొంచెం తక్కువైంది. నాన్న జేబులోంచి తీసి వేశాడు. బంతి కొత్త బూట్లు అక్కడే తొడుక్కుని షాపంతా గెంతాడు. చాలా రోజుల తర్వాత వాడు గెంతడం చీమ అప్పుడే చూసింది.

మధ్యాహ్నం ముగ్గురూ అమ్మకు అన్నం తీసుకుని లాండ్రీకి వెళ్లారు.

ఆసుపత్రి వెనక పొడుగాటి షెడ్డు అది. పిల్లలు లోపలికి రాకూడదని వాచ్‌మన్ ఆపాడు. "ఇక్కడ్నుంచి చూడండి," అని కిటికీ చూపించాడు. చీమ మునివేళ్లమీద నిలబడి చూసింది. వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. రోలర్ గుయ్‌మని తిరుగుతోంది. దాని పక్కన అమ్మ ఉంది. తలకు గుడ్డ కట్టుకుంది. దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని అందించింది. మడత పెట్టింది. ఇంకోటి అందుకుంది. మధ్యలో ఒక కాలు కొంచెం ఎత్తి, రెండో కాలిమీద బరువు వేసింది. తర్వాత ఆ కాలు మార్చింది. మళ్లీ మార్చింది.

రోజూ నడిచొచ్చేటప్పుడు బంతి కూడా అలాగే కాలు మార్చి కాలుమీద నిలబడేవాడు. చీమకు అది ఇప్పుడు గుర్తొచ్చింది. కిటికీనుంచి పక్కకు జరిగిపోయింది.

అన్నం వేళకు అమ్మ బయటికొచ్చి మెట్లమీద కూలబడింది. ముఖమంతా చెమట. బంతి ఒక బూటు తెచ్చి అమ్మ ఒళ్లోనే పెట్టాడు, కాలితో సహా.

"అమ్మా, వేలు పెట్టి చూడు, బయటికి రాదు!"

అమ్మ బూటు అడుగు నిమిరింది. చీమవైపు చూసింది. చీమ నేలచూపులు చూసింది.

"అయితే ఇవాళ్టి నా డబ్బులు మిగిలినట్టే," అంది అమ్మ.

"వాటితో ఏం కొంటావమ్మా?" అన్నాడు బంతి.

"ఏమీ కొనను. డబ్బాలో వేస్తా. వచ్చే నెల మళ్లీ ఆదివారం రమ్మంటారు. అప్పుడు ఆ డబ్బా వైపు చూసి, రానని చెప్తా." అన్నం ముద్ద కలుపుతూ నవ్వింది. అలసిన నవ్వే, కానీ నవ్వే. "చీమా, నువ్వు తిన్నావా? రా, ఓ ముద్ద తిను."

మర్నాడు స్కూలు వదిలాక ఎండ మండిపోతోంది. స్టాప్‌లో నీడ లేదు. షాపు అద్దంలో స్కేట్స్ మెరుస్తూనే ఉన్నాయి. చీమ వాటిని చూసింది. చూడకుండా ఎలా ఉంటుంది! పిల్లలంతా పక్క షాపులో స్టిక్కర్ల కోసం తోసుకుంటున్నారు.

బంతి తన బూట్లవైపు, అక్కవైపు మార్చి మార్చి చూశాడు. ఏదో పెద్ద నిర్ణయం చేసుకున్నవాడిలా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, నడుద్దామా? ఇప్పుడు నా బూట్లు గట్టివి. నీకు డబ్బులు మిగుల్తాయి. నేను ఎవ్వరికీ చెప్పను."

చీమ వాడివైపు చూసింది. వాడి ముఖం ఎండకు ఎర్రగా కందిపోయింది. అయినా నడవడానికి సిద్ధంగా ఒక అడుగు ముందుకు వేసి నిలబడ్డాడు.

దూరాన మలుపులో బస్సు కనబడింది. చీమ తమ్ముడి చెయ్యి వదలకుండానే రెండో చెయ్యి పైకెత్తింది.

బస్సు ఆగింది. ముందు బంతిని ఎక్కించింది. కిటికీ పక్కన ఒక్క సీటే ఖాళీగా ఉంటే వాణ్ణి అందులో కూర్చోబెట్టి, తను కమ్మీ పట్టుకుని నిలబడింది. కండక్టరు వచ్చి చెయ్యి చాచాడు.

చీమ గుప్పిట తెరిచింది.

"ఇద్దరికి," అంది.